అంట్లూ అంటూ

మార్కాపురంలో అద్దిల్లు చూడబోతే ఇప్పుడు కులం ముఖాన అడగరు. "మీరు నీసు తింటారామ్మా?" అంటారు. తింటామంటే, "సింకంతా జిడ్డు పడతాది, గోడకి బూజెక్కతాది, మీ తర్వాత ఎవురు కడిగి చావాల?" అంటారు. గవర్నమెంటు టీచరునని తెలిసే అంటారు. పదిరోజుల తర్వాత అదే ఇంట్లో ఆదివారం ఆదివారం నాటుకోడి కోసే ఇంకో కులం వాళ్ళు దిగుతారు. వాళ్ళ కోడికి జిడ్డుండదు కాబోలు.

సరే, ఆ సింకు సంగతే మాట్లాడదాం. నేను బళ్ళో సైన్సు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. సింకు అంచున తెల్లగా గట్టిపడేది మన బోరునీళ్ళలోని సున్నం. మార్కాపురం, గిద్దలూరు పక్క కందిపప్పు ఉడకని నీళ్ళు ఎన్ని లేవు? ఆ సున్నం పొర గరుకుగా ఉంటుంది. దానికి నూనె జిడ్డు పట్టుకుంటుంది, జిడ్డుకి మెతుకు అంటుకుంటుంది, ఎప్పుడూ తడారని ఆ సందులో నల్లబూజు మొలుస్తుంది. నెయ్యన్నం తిన్న కంచం కడిగినా మొలుస్తుంది, గొడ్డుకూర తిన్న కంచం కడిగినా మొలుస్తుంది. చింతపండు పులుసో నిమ్మచెక్కో రుద్ది కాసేపు వదిలితే సున్నం కరుగుతుంది. జిడ్డుకి వేణ్ణీళ్ళూ చాకలిసోడా. (చూశారా, సోడాక్కూడా కులం తగిలించాం.) బూజుకి బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు. అదీ పులుపంతా కడిగేశాకనే, రెండూ కలిస్తే విషవాయువు లేస్తుంది. కిటికీ తీసి పెట్టి, చివర్న పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. నీళ్ళు కారే కొళాయి బాగుచేయించుకోకపోతే బూజు మళ్ళీ వస్తుంది. పూట పని. ఇందులో ఎవరిది ఏ కులమో అడగాల్సిన చోటు నాకెక్కడా కనపడలేదు.

మరి కులం ఎక్కణ్ణుంచి వచ్చింది? మాటలోనే ఉంది. తిని పడేసిన గిన్నెలు అంట్లు. మమ్మల్ని తాకితే అంటు. మేం అంటరానోళ్ళం. తిని గిన్నెని అంటు చేసిన పెద్దమనిషికి మాత్రం ఈ భాషలో పేరు పెట్టలేదు.

మా అమ్మ ముప్పైఏళ్ళు ఒక ఆసామి గొడ్లచావిట్లో పేడ ఎత్తింది. ఆ పేడతోనే వాళ్ళు వంటిల్లు అలుక్కునేవాళ్ళు. అమ్మ చేత్తో ఎత్తిన పేడ పొయ్యిగడ్డ దాకా పోయేది. అమ్మ గడప దాకా పోవడానికి లేదు. "ఆడ్నే పెట్టి పో అమ్మే, లోనికి రాబాక" అనేది ఆసామి పెళ్ళాం.

ఇది మా ఒక్క ఊరి తెలివి కాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకొని పోయి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. ఆ చెరువుని 'శుద్ధి' చెయ్యడానికి సవర్ణులు పేడ, ఉచ్చ, పాలు, పెరుగు 108 కుండలు పోశారు. బూజుకి అంతకన్నా మంచి మేత ఏముంటుంది? 1985 జులైలో కారంచేడులో, అప్పటికది మన ప్రకాశం జిల్లానే, మాదిగలు తాగేనీళ్ళ చెరువు దగ్గర కమ్మ దొరబిడ్డలు గొడ్ల కుడితి బక్కెట్లు కడిగి మురికి అందులోకే వదిలారు. ఇదేందని అడిగితే కొట్టారు. అడ్డంపోయిన మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. మురికి కలిపినోళ్ళు శుభ్రమైన కులం. కలపొద్దన్నోళ్ళు మైల.

ఇవాళ మా ఆడోళ్ళు కొందరు మార్కాపురంలో వంటింటి పనికి పోతున్నారు. అడిగితే వేరే కులం చెప్పి చేరతారు. మా బంధువు ఒకామె ఏడేళ్ళుగా పరాయి కులం పేరు మీద ఒక ఇంటి సింకు తోముతోంది. ఆ ఏడేళ్ళలో ఆ ఇంట్లో అన్నం చెడిపోలేదు, దేవుడు పటం దిగి పారిపోలేదు. ఆమే, పాపం, ప్రతి క్రిస్మస్‌కీ జొరమని చెప్పి సెలవడుగుతుంది.

అయ్యలారా, అమ్మలారా, మీ జిడ్డు మీరు తోముకోండి, చేతులేం అరిగిపోవు. ఇంకొకరితో తోమించుకుంటారా, పనికి తగ్గ కూలియ్యండి, ఆమె కులం ఆమె నోటితో భయం లేకుండా చెప్పుకోనివ్వండి. ప్రహరీగోడ మీద ఆమె కోసం విడిగా బోర్లించిన స్టీలు గ్లాసు ఉంది చూడండి, దాన్ని తెచ్చి ఆమె తోమిన గిన్నెల్లో కలపండి.