పీకేముందు గోరుతో గీకండి

సంక్రాంతి వెళ్లగానే మా కౌకూర్‌లో పూలతీగలు చెత్తబండి ఎక్కుతుంటాయి. ఆకు రాలింది కదా, చచ్చిందనుకుని మొదలంటా పీకేస్తారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మల్లె, రాధామనోహరం చలికి ఎదుగుదల ఆపి ఆకు రాలుస్తాయి, అంతే.

తేల్చుకోవడం ఎంతసేపు? కొమ్మ బెరడును గోరుతో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణముంది. గోధుమరంగులో పొడిబారి, వంచగానే పుటుక్కుమంటే ఆ కొమ్మ పోయినట్టే. తీగంతా పోయినట్టు కాదు. మొదలు దాకా గీకుతూ దిగాలి. వేళ్లు మెత్తబడి కుళ్లు వాసన కొడితేనే ఆశ వదులుకోవాలి. అదీ చాలాసార్లు చలి పని కాదు, జాలిపడి రోజూ బిందెడు నీళ్లు పోసిన చేతి పని.

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఉండేవి. ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు, వేసవిలో ఒకటి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి. మోడులా మిగిలిన తీగే చిగురేసి గుత్తులు కాసేది. అవన్నీ చూసిన నేల మీద ఇంత తొందరేమిటో!

మల్లెనైతే ఈ చలిలోనే కత్తిరించి, నీళ్లు తగ్గించండి. ఉగాది నాటికీ కణుపుల దగ్గర చిగురు లేకపోతే అప్పుడు పీకుదురుగాని, గడ్డపార నేనే ఇస్తాను.