ఏ సుబ్బారావు?

భారత రాజ్యాంగ చరిత్రలో ఇద్దరు కె. సుబ్బారావులు ఉన్నారు. హిందూపురం ప్రాంతం నుంచి వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుడు కల్లూరు సుబ్బారావు రాజ్యాంగ సభలో సభ్యుడు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. గోలక్‌నాథ్ కేసులో 1967 ఫిబ్రవరి 27న వచ్చిన తీర్పు ఈయనది. ప్రాథమిక హక్కులను కుదించే సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదని పదకొండుమంది న్యాయమూర్తుల్లో ఆరుగురు తేల్చారు. ఒకరు రాజ్యాంగం రూపుదిద్దుకున్న సభలో కూర్చుంటే, ఇంకొకరు దానిమీద ఎంతవరకు చెయ్యి వేయవచ్చో గీత గీశారు. ఇద్దరి పనీ ఢిల్లీలోనే జరిగింది, ఇద్దరూ తెలుగువారే, పొట్టిపేరు అక్షరం తేడా లేకుండా ఒకటే. ఒకే పేరున్న ప్రముఖుల ప్రస్తావన వస్తే మనం దాన్ని క్విజ్ పోటీల సరదాగా చూసి వదిలేస్తాం. కానీ ఇది మన పెద్దలను మనం ఎలా నమోదు చేసుకుంటున్నామన్న ప్రశ్న. ఇంటిపేరును మొదటి అక్షరానికి కుదించి, చివరనున్న ‘రావు’ను మాత్రం నిలబెట్టే అలవాటు వల్ల మన చరిత్రను మనమే కలగాపులగం చేసుకుంటున్నామన్నది నా వాదన.

సుబ్బారావు అన్న పేరు ఇప్పుడు హాస్య కథల్లో సగటు గుమాస్తాకు పెట్టే పేరుగా మిగిలింది గానీ, దాని వెనకున్న జాబితా చూస్తే నవ్వు ఆగిపోతుంది. 1856లోనే ఇద్దరు పుట్టారు. దివ్యజ్ఞాన సమాజపు తొలినాళ్లలో పండితుడిగా పేరుపొంది ముప్పై నాలుగేళ్లు నిండకముందే కన్నుమూసిన తురగా సుబ్బారావు ఒకరు. 1878లో ‘ది హిందూ’ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో ఉన్న న్యాపతి సుబ్బారావు పంతులు మరొకరు. 1895లో మళ్లీ ఇద్దరు: భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు, ఏలూరు దగ్గర ఎంకి పాటల నండూరి సుబ్బారావు. భావకవిత్వానికి బాట వేసిన రాయప్రోలు సుబ్బారావు వీరికంటే మూడేళ్లు పెద్ద, నాయని సుబ్బారావు నాలుగేళ్లు చిన్న. సినిమాకు వస్తే ‘మూగ మనసులు’ తీసిన ఆదుర్తి సుబ్బారావు. ఆర్థిక రంగానికి వస్తే 2008 సెప్టెంబరులో, లేమన్ బ్రదర్స్ కూలడానికి సరిగ్గా పదిరోజుల ముందు, రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో కూర్చున్న దువ్వూరి సుబ్బారావు. శ్రీకాకుళ ఉద్యమంలో 1969లో ప్రాణాలు వదిలిన జముకుల కథ కళాకారుడు సుబ్బారావు పాణిగ్రాహిని కలిపితే, ఒరియా సంప్రదాయం ప్రకారం ఇంటిపేరు చివరకు వెళ్లిన సుబ్బారావు కూడా దొరుకుతాడు. విజ్ఞానం, న్యాయం, కవిత్వం, సినిమా, ద్రవ్య విధానం, విప్లవం, వేదాంతం... ఈ పేరు తొక్కని గడప లేదు.

ఇంతమంది ఎందుకున్నారన్నది మిస్టరీ కాదు. కోస్తా ఊళ్లలో సంతానం కోసం సుబ్బరాయుడికి మొక్కుకోవడం, నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం, బిడ్డ పుడితే ఆ స్వామి పేరే పెట్టుకోవడం తరతరాల ఆచారం. మగపిల్లాడైతే సుబ్బారావో సుబ్బయ్యో సుబ్రహ్మణ్యమో, ఆడపిల్లయితే సుబ్బమ్మ. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టడం. పేర్ల సంచి చిన్నది, మనుషులు ఎక్కువ. అయినా ఎవరూ తికమకపడలేదు. దేవుడి పేరు ఊరందరిదీ, ఇంటిపేరు ఆ ఇంటిది. ‘నండూరి వారి సుబ్బారావు’ అంటే చాలు, వేరే ఆనవాలు అక్కర్లేదు. ఇప్పటికీ సాహిత్యం మాట్లాడుకునేవాళ్లు నండూరి, రాయప్రోలు, నాయని అంటారు. సినిమావాళ్లు ఆదుర్తి అంటారు. సుబ్బారావు గారి ఎంకి పాటలు అని ఎవరూ అనరు. తెలుగువాడి నోట ఇంటిపేరే అసలు పేరు.

ఈ ఏర్పాటు మనం ఢిల్లీ చేరగానే తలకిందులవుతుంది. జనక్‌పురి వంటి కాలనీల్లో స్థిరపడిన తెలుగు ఉద్యోగి కుటుంబం బడి దరఖాస్తులోనో బ్యాంకు కాగితంలోనో మొదటి పేరు, చివరి పేరు అన్న రెండు గళ్లు నింపాలి. చివరి పేరు అనగానే చేయి ‘రావు’ దగ్గర ఆగుతుంది. అక్కడినుంచి తండ్రి రావు సాబ్, కొడుకు రావ్, కూతురు కూడా రావే. ఇంతకీ పడమటి ఢిల్లీలో ‘రావు’ తెలుగువాడి గుర్తు కూడా కాదు. 1857 తిరుగుబాటులో రేవాడీ నుంచి పోరాడిన రావ్ తులారామ్ పేరు ఆ వైపు పెద్ద రోడ్డుకూ, నజఫ్‌గఢ్ అవతలి ఆసుపత్రికీ ఉంది. హర్యానా ముఖ్యమంత్రిగా పనిచేసిన రావ్ బీరేంద్ర సింగ్ అదే సంప్రదాయం వారు. అక్కడ రావు పేరుకు ముందు వచ్చే బిరుదు. మరాఠీ, కన్నడ రావుల సంగతి సరేసరి. మనల్ని గుర్తుపట్టే భాగాన్ని కోసేసి, నలుగురితో కలిసిపోయే తోకను చేతపట్టుకుని తిరుగుతున్నాం.

దీనికి పెద్ద మూల్యం చెల్లించినవారు యల్లాప్రగడ. ఆయన 1923లో హార్వర్డ్ వెళ్లారు. రక్తంలో భాస్వరాన్ని కొలవడానికి 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించిన పద్ధతిని ప్రపంచమంతా ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తుంది. కణాల్లో శక్తిని మోసే ఏటీపీని కనుగొన్నవారిలో ఆయన ఒకరు. తర్వాత లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. పిల్లల రక్తక్యాన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, బోదకాలుకు మందు, ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాలల నుంచే వచ్చాయి. 1948లో న్యూయార్క్ దగ్గర చనిపోయాక ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. అంటే విజ్ఞాన ప్రపంచంలో ‘సుబ్బారావు’ ఆయన వంశనామమైపోయింది. యల్లాప్రగడ ఒక పొడి అక్షరంగా మిగిలింది. తెలుగు పిల్లవాడు యల్లాప్రగడ అని విని పెరుగుతాడు, పాఠ్యగ్రంథంలో మాత్రం సుబ్బారావు కనిపిస్తుంది. ఈ ఇద్దరూ ఒకరేనని విడిగా ఎవరో చెప్పాలి. మన గొప్ప శాస్త్రవేత్తను మన పిల్లలకే పరిచయం చేయడానికి దుబాసీ కావలసి రావడం విడ్డూరం కాదా?

పొడి అక్షరాలున్నాయి కదా, అవి చాలవా అని అడిగేవారుంటారు. చాలవు. ఎన్. సుబ్బారావు అంటే న్యాపతా, నండూరా, నాయనా? టి. చలపతిరావు అంటే సంగీత దర్శకుడు తాతినేని చలపతిరావా, నటుడు తమ్మారెడ్డి చలపతిరావా? ఇద్దరూ ఒకే పరిశ్రమలో పనిచేశారు. నేషనల్ హెరాల్డ్ సంపాదకుడిగా ఢిల్లీ పాత్రికేయంలో పేరు మోసిన మానికొండ చలపతిరావు అదృష్టం బాగుండి ‘ఎం’ అయ్యారు. రెండక్షరాలున్నా భరోసా లేదు. ప్రధాని పాములపర్తి వెంకట నరసింహారావు, బ్యాడ్మింటన్ ఛాంపియన్ పూసర్ల వెంకట సింధు, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పాకాల వెంకట రాజమన్నారు ముగ్గురూ పి.వి.లే, ముగ్గురిలోనూ ‘వి’ వెంకన్నే! జనక్‌పురిలో ఉత్తరం మీద ‘సి బ్లాకు’ అని రాసి ఊరుకుంటే పోస్ట్‌మన్ ఎంత దూరం వస్తాడు? సి–4–ఇ అని, ఆపైన ఇంటి నంబరు దాకా రాస్తేనే కవరు గుమ్మం చేరుతుంది. మనుషుల విషయంలో మాత్రం మనం బ్లాకు దగ్గరే ఆగిపోతున్నాం.

ఇంగ్లీషు స్పెల్లింగులే తేడా చూపిస్తాయి కదా అన్నది ఇంకో మాట. యల్లాప్రగడ, తురగా ఇద్దరూ చివర ‘డబ్ల్యూ’ రాసుకున్న మాట నిజమే. అయితే అది ఆనవాలు కాదు, ఆ కాలపు రాతపద్ధతి. బెనెగల్ సోదరుల్ని చూడండి. రాజ్యాంగ సలహాదారు నర్సింగ్‌రావు, రిజర్వు బ్యాంకు గవర్నరు రామారావు పేరు చివర ‘యు’ పెట్టుకున్నారు, రాజ్యాంగ సభ సభ్యుడు శివరావు ‘ఓ’ పెట్టుకున్నారు. అన్నదమ్ముల్నే విడదీసే స్పెల్లింగు, వేర్వేరు కుటుంబాల వాళ్లను ఏం వేరు చేస్తుంది? పైగా కంప్యూటరులో ఒక స్పెల్లింగుతో వెతికితే రెండోది దొరకకపోవచ్చు. తెలుగులో రాస్తే సుబ్బారావులంతా ఒక్కటే, తేడా ఇంటిపేరులోనే ఉంది.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం కులం. ‘మీ ఇంటిపేరేమిటి?’ అన్న ప్రశ్న మన ఊళ్లలో చాలాసార్లు పేరు కోసం అడిగేది కాదు. అడిగినవాడికి కావలసింది వేరే ఉంటుంది. అది తెలిసే చాలామంది ఇంటిపేరును అక్షరంలో దాచుకున్నారు, కొందరు పూర్తిగా వదిలేశారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. బతికున్న మనిషి తనను తాను ఎలా పిలిపించుకోవాలో అతని ఇష్టం. నేను అడుగుతున్నది ప్రజా జీవితంలో నిలిచినవారి నమోదు గురించి, అంటే పాఠ్యపుస్తకాల్లో, విగ్రహాల కింద, గ్రంథాలయ పట్టికల్లో, వీధుల పేర్లలో. అక్కడ దాపరికం వల్ల కులం పోవడం లేదు, మనిషి పోతున్నాడు. అసలు మనం ఏది కోసి ఏది ఉంచుతున్నామో చూడండి. కల్లూరు, నండూరు, దువ్వూరు ఊళ్ల పేర్లు. ఊరి పేరు ఇంటిపేరుగా అనేక కులాల్లో కనిపిస్తుంది. రెడ్డి, శాస్త్రి, చౌదరి, నాయుడు అన్న తోకలు అంతకంటే చాలా బిగ్గరగా మాట్లాడతాయి. ఢిల్లీ దరఖాస్తు ఊరిని తీసేసి తోకను మిగులుస్తోంది. కులం గురించి ఆందోళన ఉన్నవాళ్లు ముందు పట్టించుకోవలసింది ఈ తోకనే. గుర్రం జాషువా, బోయి భీమన్న తమ ఇంటిపేర్లను తలెత్తుకుని నిండుగా రాసుకున్నారన్నదీ మరవకూడదు. ఇంటిపేరు ఎవరి గొప్పతనానికీ హామీ కాదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్లే ఎగతాళి చేశారు. అది ఏ మనిషో చెబుతుంది, ఎంతటి మనిషో చెప్పదు. పట్టికకు కావలసిందీ అంతే.

నిండు ఇంటిపేరు బయటి ప్రపంచానికి నోరు తిరగదన్న సంకోచం ఒకటి ఉంది, దానికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. ప్రణాళికా సంఘం సభ్యుడిగా ఢిల్లీలో పనిచేసిన ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ పేరులో ‘ఎన్’ అంటే నాదెళ్ల అని ఎంతమందికి తెలుసు? ఆయన కుమారుడు సత్య ఆ అక్షరాన్ని విప్పి పేరు చివర నిండుగా రాసుకున్నారు, ప్రపంచం నాదెళ్ల అనడం నేర్చుకుంది. పాస్‌పోర్టులో వంశనామానికి గడి ఉంది. అందులో రావుకు బదులు ఇంటిపేరు రాస్తే పని అయిపోతుంది. వరస మారినా నష్టం లేదు, మాట పోకుండా ఉంటే చాలు.

అయితే ఈ వాదన స్త్రీల దగ్గరికి వచ్చేసరికి కుంటుతుందని ఒప్పుకోవాలి. ఇంటిపేరు ఇంటిదన్నాను గానీ, ఆడపిల్ల పెళ్లయి వెళ్లాక ఏ ఇంటిది? రాజ్యాంగ సభ చర్చల్లో ‘జి. దుర్గాబాయి’గా మాట్లాడిన సభ్యురాలు 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు. ఢిల్లీ మెట్రోలో గులాబీ లైను స్టేషనుకు ఉన్నది ఆ రెండో పేరే. అక్కడ దిగే కొత్త మనిషి ఆమెను మరాఠీ మహిళ అనుకుంటే అతని తప్పేమీ లేదు. రాజమండ్రి అమ్మాయి అని చెప్పే మాట ఒక్కటీ ఆ బోర్డు మీద లేదు. అందుకే స్త్రీల విషయంలో నియమం ఇంకాస్త పెద్దదిగా ఉండాలి. పుట్టింటి పేరు, తర్వాత తీసుకున్న పేరు రెండూ నమోదు కావాలి, ఏది ముందన్నది ఆమె బతికుండగా రాసుకున్న తీరును బట్టి నిర్ణయించాలి. ఈ పని మొదలుపెట్టడానికి ప్రభుత్వం దాకా పోనక్కర్లేదు. దుర్గాబాయి 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి జనక్‌పురిలోనూ పాఠశాల ఉంది. అక్కడి తెలుగు తరగతిలో పిల్లల చేత ముందుగా విప్పించవలసిన పొడి అక్షరం ఆ ‘జి’. తర్వాత వాళ్ల హాజరు పట్టీలో ఉన్నవాటిని విప్పించవచ్చు.