చొక్కా విప్పమనడానికి మీరెవరు?

అరకు వెళ్ళొచ్చిన ప్రతివాడి ఫోన్లోనూ ఈ ఫోటో ఉంటుంది. నగరం నుంచి వచ్చిన పదేళ్ళ కుర్రాడు, తలకు పాగా, పాగాలో ఈక, చేతిలో విల్లు, వెనక మాడగడ మేఘాలు. నాన్న మురిసిపోతాడు, అమ్మ స్టేటస్ పెడుతుంది. ఆ వేషం అద్దెకిచ్చి నాలుగు డబ్బులు కళ్ళజూసే గిరిజన మహిళలతో నాకు పేచీ లేదు. కొండమీద బతుకుతెరువు ఊరికే దొరకదు. నా పేచీ ఆ ఫోటో తీసిన చేత్తోనే పక్కనున్న కొండ కుర్రాణ్ణి చూపించి, "వీడేంటి జీన్స్ వేశాడు? ఒరిజినల్ ట్రైబల్స్ ఎక్కడుంటారు?" అని అడిగే పెద్దమనిషితో.

ఈ జబ్బు మనతో మొదలవలేదు. 1892లో బెర్లిన్‌లో డబ్బున్న ఇంట పుట్టిన తత్వవేత్త వాల్టర్ బెంజమిన్, చిన్నప్పుడు తనకు టైరోల్ కొండవాడి వేషం కట్టి, తెరమీద రంగుల్తో గీసిన మంచుకొండల ముందు నిలబెట్టిన సంగతి పెద్దయ్యాక సిగ్గుపడుతూ రాసుకున్నాడు. అది కాకపోతే నావికుడి వేషం. ఆ కాలపు జర్మన్ స్టూడియో ఫోటోలు తిరగేయండి, సముద్రం మొహం చూడని పిల్లలు కూడా నావికులే! వెడల్పాటి కాలరు, మెడకో ముడి, మోకాళ్ళదాకా లాగు. 1846లో విక్టోరియా రాణి కొడుక్కి నావికుడి బట్టలు తొడిగి వింటర్‌హాల్టర్ చేత బొమ్మ గీయించారు. ఆ మోజు యూరప్ అంతా పాకింది. జర్మనీలో దానికి కైజర్ విల్హెల్మ్ యుద్ధనౌకల పిచ్చి తోడైంది. మరీ చంటి మగపిల్లలకైతే గౌన్లే. ఏం వేసుకుంటావురా అని పిల్లాణ్ణి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ప్రాగ్ నగరంలో తీసిన రచయిత కాఫ్కా చిన్నప్పటి ఫోటో గురించి బెంజమిన్ 1931లో రాశాడు. లేసులు కుట్టిన బిగుతు సూటు, చేతిలో తన తలకు మించిన టోపీ, చుట్టూ తాటి మట్టలు, వాటి మధ్య అంతులేని దిగులు నిండిన రెండు కళ్ళు.

అయినా బెర్లిన్ పిల్లాడు అదృష్టవంతుడు. స్టూడియో మెట్లు దిగగానే వేషం విప్పేస్తాడు. అసలు టైరోల్ రైతు కొడుకు ఆ దరిదాపుల్లో లేడు కాబట్టి "నువ్వు నకిలీ" అని వాణ్ణి ఎవరూ అనలేదు. అరకులో అసలువాడు పక్కనే నిలబడి ఉంటాడు, స్కూల్ యూనిఫాంలోనో, క్రికెట్ టీషర్టులోనో. ఫ్రేమ్ పాడవుతుందని వాణ్ణి పక్కకు జరగమంటారు.

మన కొండవాళ్ళ దగ్గరికి కెమెరా కొలబద్దతో కలిసి వచ్చింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు, ఫోటోలు తీయించాడు, రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వేరే మనిషి. వియన్నాలో పుట్టి, జర్మన్ పాస్‌పోర్టు ఉన్న పాపానికి రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో చిక్కుపడ్డాడు. చెంచుల్లో, కొండరెడ్లలో, గోండుల్లో తిరిగాడు, ఉన్నాడు. గోండు పిల్లల చదువు కోసం మార్లవాయిలో పని మొదలుపెట్టించాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టను. తప్పు మనది. 1940ల్లో ఆయన తీసిన ఫోటోల్లో గోచీతో ఉన్న మనిషే ఆదివాసీకి శాశ్వత నమూనా అని మనమే తీర్మానించేశాం. ఈ ఎనభై ఏళ్ళలో మన తాతల పంచెలు పోయి మనకు ప్యాంట్లొచ్చాయి. నకిలీ తెలుగువాళ్ళని మనల్ని ఎవరైనా అన్నారా?

గదబ ఆడవాళ్ళు అడవి నార తీసి, రంగులద్ది, సొంత మగ్గం మీద చారల బట్ట నేసుకునేవారు. అది కనుమరుగవుతోందని కాఫీ తాగుతూ నిట్టూర్చేవాళ్ళు, నార ఇచ్చిన అడవి ఎవరి చేతుల్లోకి పోయిందో మాత్రం అడగరు. బొర్రా పక్కన గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1997లో గెలిచింది. బొర్రా గుహల ముందు సెల్ఫీ దిగేవారిలో ఎంతమందికి ఆ తీర్పు తెలుసు?

ఇక ఆగస్టు 15. కాన్వెంటు బళ్ళలో కాషాయం కట్టి విల్లు పట్టిన బుల్లి అల్లూరులు బారులు తీరతారు. (అల్లూరి తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫరే, ఎందుకో ఆ సంగతి ఎవరూ చెప్పరు.) అల్లూరి సహచరుడు గాం గంటం దొర వేషం వేసిన పిల్లాణ్ణి మీరు చూశారా? గంటం దొర సోదరుడు మల్లు దొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరగబడి, ఆ తర్వాత పార్లమెంటు మెట్లెక్కిన కొండ మనిషి మన ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి పనికిరాడు కాబోలు.

ఆగస్టు 15కి ఆరు రోజుల ముందు, ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం. అధికారులు, నాయకులు ఈకల పాగాలు పెట్టుకుని థింసాలో నాలుగు అడుగులు వేస్తారు. మర్నాడు పేపర్లో ఫోటో. పాగా తీశాక పోడు పట్టా కోసం నిలబడ్డ అదే కొండ మనిషిని ఏ కాగితం తెచ్చావని కసురుతారు.

కొండ కుర్రాడు తన డబ్బులతో తనే స్టూడియోకు వెళ్ళినప్పుడు ఏం చేస్తాడో చూశారా? కూలింగ్ గ్లాసు పెడతాడు, చొక్కా ఇస్త్రీ చేయిస్తాడు, వెనక స్విట్జర్లాండ్ కొండలు పెట్టమంటాడు. నవ్వొస్తోందా మీకు? బెంజమిన్ వెనకా గీసిన మంచుకొండలే ఉన్నాయి. కాకపోతే ఇక్కడ వాటిని ఎంచుకున్నది కుర్రాడే. అరకు మ్యూజియంలో మట్టిబొమ్మల పక్కన నేనైతే ఆ ఫోటోలే వేలాడదీస్తాను, కింద తెగ పేరుకు ముందు వాడి పేరు రాసి.

అంతగా అసలైన ఆదివాసీ యువకులే కావాలంటే చిరునామా చెబుతాను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసీలకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అప్పట్నుంచీ దాన్ని తిరిగి తెమ్మని ఏజెన్సీలో ధర్నాలు జరుగుతున్నాయి. ప్లకార్డులు పట్టుకుని రోడ్డుమీద కూర్చునేది ప్యాంటూ చొక్కా వేసుకున్న, డిగ్రీలు చదివిన కుర్రాళ్ళు. కెమెరాలు అక్కడికి తీసుకెళ్ళండి. పాగా అద్దె కూడా మిగులుతుంది.