పొగకు కూడా వల వేయాలి

జహీరాబాద్‌లో మనం స్విచ్ వేస్తే రామగుండం, పాల్వంచల్లో బొగ్గు కాలుతది. పొగ మాత్రం అక్కడి పిల్లలకే.

మా అమ్మ నీళ్ల కుండలో బొగ్గు ముక్క వేసేది, వాసన పోయేది. బొగ్గుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి, వాసన వాటిలో చిక్కుకుంటది. ఇట్లా వాయువులను పట్టే రంధ్రాల పదార్థాలు చేసినందుకు 2025లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. రెండుమూడు గ్రాముల్లో ఫుట్‌బాల్ గ్రౌండంత జాగా ఉంటదంట! వారిలో ఒమర్ యాఘీ చిన్నప్పుడు ఇంట్లో కరెంటు లేదు, అమ్మానాన్నలకు చదువు అంతంతే. మా ఇంట్లో లాగే.

తెలివి ఉంది, మరి పట్టుదల? పొగలో గంధకం వాయువు తగ్గించాలని 2015లో కేంద్రం రూలు పెట్టింది. 2025 జూలైలో చాలా విద్యుత్ కేంద్రాలకు దాన్ని పట్టే యంత్రం అక్కరలేదంది. మన బొగ్గులో గంధకం తక్కువట. తక్కువంటే లేనట్టా? నేను ఒప్పుకోను. ఖర్చవుతుందంటే కరెంటు వాడే అందరి బిల్లులో నాలుగు పైసలు కలపండి.

- 9వ తరగతి విద్యార్థిని