పల్లకి ఎందుకొచ్చింది?

'మల్లీశ్వరి'లో సత్రంలో మల్లి ఆడిపాడే ఘట్టాన్ని నేను కత్తిరించాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

అప్పట్లో ఒక టీవీ చానల్లో సినిమాల విభాగంలో పనిచేసేవాణ్ణి. ఏ సినిమా ఏ రోజు వెయ్యాలి, ఎన్ని గంటలకి వెయ్యాలి, బ్రేకులు ఎక్కడ పెట్టాలి, నిడివి ఎక్కువైతే ఏది తీసెయ్యాలి అన్నవి చూడటం నా ఉద్యోగం. మాకిచ్చే స్లాటు మూడు గంటలు. అందులో ప్రకటనల సమయం పోగా మిగిలిన దాంట్లో మూడు గంటల పాత సినిమా పట్టదు. కథలో ముక్క తీస్తే అర్థం కాలేదని ప్రేక్షకులు ఫోన్లు చేస్తారు. కాబట్టి పాటలు తీసేవాళ్లం. అది తప్పని మాలో ఒక్కరికీ అనిపించలేదు. పాటంటే కథ మధ్యలో విశ్రాంతి అనుకునేవాళ్లం.

ఆ రోజు ఎడిటింగ్ గదిలో తెర మీద వాన కురుస్తోంది. బావ నాగరాజుతో బండిలో వస్తున్న మల్లి పాడుబడ్డ సత్రంలో తలదాచుకుంది. అక్కడ ఆడుతోంది, పాడుతోంది. కింద టైమ్ కోడ్ అంకెలు పరిగెడుతున్నాయి. నేను ఆ అంకెలే చూస్తున్నాను, మల్లిని చూడటం లేదు. పాట మొదలైన చోటు, ముగిసిన చోటు కాగితం మీద రాసుకుని ఎడిటర్ కుర్రాడికిచ్చాను. అతను ఒక్కసారి నా వైపు తిరిగి "మొత్తం పోతుందా సార్?" అన్నాడు. "పల్లవి ఉంచు, చాలు" అన్నాను. పాటతో పాటు దాని వెనకున్న మాటల్లో కూడా కొన్ని పోయాయి.

సినిమా ప్రసారమైన సాయంత్రం ఒంగోలు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏరా అబ్బాయ్, సత్రంలో మల్లి ఆట ఏదిరా? అది లేకపోతే ఆ పిల్లకి పల్లకి ఎందుకొచ్చినట్టురా?"

నా దగ్గర జవాబు లేదు. మారువేషంలో తిరుగుతున్న కృష్ణదేవరాయలు, పెద్దన ఆ సత్రంలోనే మల్లి ఆటపాటలు చూస్తారు. వాళ్లెవరో తెలియని నాగరాజు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపించండని వేళాకోళమాడతాడు. ఆ వేళాకోళం నిజమై గుమ్మం ముందుకి పల్లకి వస్తుంది. మల్లి అంతఃపురం పాలవుతుంది, నాగరాజు ఆమె రూపాన్ని రాళ్లలో చెక్కుకుంటూ తిరుగుతాడు. దర్శకుడు బి.ఎన్.రెడ్డి గారు కథంతా ఆ పాట మీద నిలబెట్టారు. నేను ఆ స్తంభాన్ని పీకేసి కప్పు నిలబడుతుందనుకున్నాను.

మా పెద్దమ్మ చదువుకున్నది నాలుగో తరగతి. సినిమా అంటే ఏమిటో ఆవిడకు తెలిసింది, జీతం తీసుకుంటున్న నాకు తెలియలేదు.

ఆ పాట పాడింది ఎవరో కూడా నేను ఆలోచించలేదు. మల్లి వేషం వేసిన భానుమతి గారే పాడారు. తెరమీద ఒకరు, తెరవెనక ఇంకొకరు అనే ఏర్పాటు స్థిరపడిపోయిన కాలంలో కూడా ఆమె తన పాట తానే పాడుకున్నారు. మిగతా కథానాయికల సినిమాలో పాట తీసేస్తే నటన కొంత పోతుంది, గాయని పాట పోతుంది. భానుమతి గారి సినిమాలో పాట తీసేస్తే ఇద్దరూ ఒకేసారి పోతారు. ఆమె నటనలో సగం ఆ గొంతులోనే ఉంది. మాట ఎక్కడ ఆగి రాగం ఎక్కడ మొదలైందో తెలియనివ్వని గొంతు అది. మేం దాన్ని నిమిషాల లెక్కన కొలిచాం.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టిన అమ్మాయి 1939లో 'వరవిక్రయం'లో కాళింది వేషం వేసింది. కలకత్తా వెళ్లి నటించిన ఆ పిల్లకి అప్పటికి దాదాపు పద్నాలుగేళ్లు. 1945లో 'స్వర్గసీమ'లో పావురాన్ని పిలుస్తూ పాడిన పాటతో దేశమంతా వినిపించింది. 1949లో 'లైలా మజ్ను', 1951లో 'మల్లీశ్వరి', 1954లో 'విప్రనారాయణ', 1961లో 'బాటసారి', 1965లో 'అంతస్తులు', 1966లో 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ. అటు తమిళంలోనూ అగ్రతార. భర్త రామకృష్ణారావు గారితో కలిసి, కొడుకు భరణి పేరు మీద నిర్మాణ సంస్థ నడిపారు, స్టూడియో కట్టారు. 'అత్తగారి కథలు' రాశారు. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆత్మకథ 'నాలో నేను'కి సినిమా మీద వచ్చిన ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం వచ్చింది. 1998లో వచ్చిన 'పెళ్లి కానుక' దాకా నటించారు. మొదటి సినిమాకీ చివరి సినిమాకీ మధ్య దాదాపు అరవై ఏళ్లు.

ఈ అరవై ఏళ్లలో మేం ప్రేక్షకులకి ఎంత చూపించాం? నాలుగు పాటలు, ఒక బామ్మ.

బామ్మ అంటే 1984 నాటి 'మంగమ్మగారి మనవడు'. గొప్ప వేషమే. అరవైకి దగ్గరపడిన వయసులో అందులోనూ ఆమె తన గొంతుతోనే పాడారు. పండగొస్తే అదే, సెలవొస్తే అదే. రంగుల సినిమా, కుర్రాళ్లు చూస్తారు, రేటింగ్ వస్తుంది. దాంతో ఒక తరం పిల్లలకి భానుమతి అంటే పుట్టుకతోనే బామ్మ అయిపోయింది. ఆ బామ్మ ఒకప్పుడు కెమెరా వెనక నిలబడి దర్శకత్వం చేసిందని వాళ్లకి చెప్పిన వాళ్లు లేరు.

1953లో 'చండీరాణి'కి ఆమె దర్శకత్వం వహించారు. తెలుగు, తమిళం, హిందీ, మూడు భాషల్లోనూ. అందులో ద్విపాత్రాభినయం కూడా చేశారు. మరుసటి ఏడాది 'చక్రపాణి'కి సంగీతం సమకూర్చారు. 1982లో పిల్లలతోనే 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. అయినా భానుమతి పేరెత్తగానే మనవాళ్లు చెప్పుకునే కథ ఏది? 'మిస్సమ్మ'లో ముందు ఆమెనే తీసుకున్నారట, నిర్మాతతో మాటామాటా వచ్చి బయటికి వచ్చేశారట, సావిత్రి గారికి ఆ వేషం దక్కిందట. ఆమె చెయ్యని సినిమా గురించి మనకి బాగా తెలుసు. ఆమె చేసిన సినిమా గురించి తెలియదు. పొగరు, అహంకారం అనే మాటలు మనం ఎంత తేలిగ్గా వాడేశామో గుర్తొస్తే సిగ్గేస్తుంది. స్టూడియో నడిపిన మగవాళ్ల గురించి చెప్పేటప్పుడు అదే గుణాన్ని క్రమశిక్షణ అన్నాం.

ఈ తెలియకపోవడంలో కూడా మా చెయ్యి ఉంది. నిడివి తగ్గించాల్సి వచ్చినప్పుడు పాటలకంటే ముందు మేం కోసేది టైటిల్స్. నిర్మాణ సంస్థ పేరు, సినిమా పేరు వేసి, పెద్ద తారల పేర్లు రాగానే కథలోకి దూకేవాళ్లం. దర్శకుడి పేరు అన్నిటికంటే చివర వస్తుంది. అంటే 'చండీరాణి' లాంటి సినిమాకి మేం ఆ కోత పెడితే, అది ఒక ఆడమనిషి తీసిన సినిమా అని చెప్పే ఒకే ఒక్క అట్ట పోతుంది. 'మల్లీశ్వరి'కి అదే కోత పెడితే పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పేరు పోతుంది, సంగీతం చేసిన సాలూరి రాజేశ్వరరావు గారి పేరు పోతుంది. కూలికి పనిచేసినవాడి పేరు కూడా మస్టర్ రోల్లో ఉంటుంది. ఆ మహానుభావుల పేర్లు మాత్రం మాకు పనికిరాని నిమిషాలయ్యాయి.

బొమ్మనీ వదల్లేదు. అప్పటి సినిమా చట్రం చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. వెడల్పు టీవీలు వచ్చాక రెండు పక్కలా నలుపు కనబడుతుంటే బాగోలేదని బొమ్మని సాగదీశాం. లేదంటే పైనా కిందా కోసి నింపాం. సాగదీస్తే మల్లి మొహం పలకలా అయింది. కోస్తే నాట్యంలో పాదాలు పోయాయి. పైన ఒక మూల లోగో, కింద రేపటి సీరియల్ ప్రకటన. కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ గారు కట్టిన విజయనగరం మీద మేం సబ్బుల పేర్లు పాకించాం.

ఇన్ని చేసి, చివరికి నేరం ప్రేక్షకుల మీద వేశాం. "పాత సినిమాలు ఎవరు చూస్తారండీ?" అని సమావేశాల్లో నేనే ఎన్నోసార్లు అన్నాను. కొత్త సినిమా హక్కులతో కలిపి మూటగా వచ్చిన పాతవాటిని తెల్లవారుజామున వేసేవాళ్లం, లేదా జనం పనుల్లో ఉండే మధ్యాహ్నం వేసేవాళ్లం. వారం తిరిగేసరికి రేటింగ్ కాగితంలో అంకె ఉండేది కాదు. చూశారా, ఎవరూ చూడరు అని ఇంకా ముందుకు, ఇంకా చీకట్లోకి నెట్టేవాళ్లం. అన్నం పెట్టకుండా ఆకలి లేదని రాసుకున్నట్టుంది మా లెక్క.

మేమంతా ఎక్కడివాళ్లం? హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయ్యాక, శనివారం సాయంత్రం తెలుగు సినిమా కోసం వీధి వీధంతా ఒకే ఇంట్లో చేరిన కాలంలో పెరిగినవాళ్లం. చాప మీద కూర్చుని, పెద్దవాళ్లు టైటిల్స్‌లో ఒక్కో పేరు చదివి "పాటలు సముద్రాల వారివి", "ఈయన విజయా వాళ్ల కెమెరామన్" అని చెబుతుంటే విన్నవాళ్లం. నాకు సినిమా చూడటం నేర్పింది ఆ చాప. తరవాత మా చేతికి పాతిక చానళ్లు వచ్చాయి, రోజుకి ఇరవైనాలుగు గంటలు వచ్చాయి. చాప మీద విన్నదాన్ని తరవాతి పిల్లలకి చెప్పడానికి రెండు నిమిషాలు దొరకలేదు. సినిమా ముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, ఇది ఏ ఏడాది వచ్చింది, ఎవరు తీశారు, ఏం గమనించాలి అని చెప్పించడానికి ఖర్చు ఎంతవుతుంది? ఆ లెక్క మేం ఎన్నడూ వెయ్యలేదు.

2005 డిసెంబర్ 24న భానుమతి గారు చెన్నైలో కన్నుమూశారు. ఆ రోజు మా గదిలో హడావిడి నాకు బాగా గుర్తుంది. రెండు పాటల ముక్కలు, బామ్మ సన్నివేశం ఒకటి, ఒక ఫోటో. కింద పద్మశ్రీ, పద్మభూషణ్ అని అక్షరాలు. 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట నేనే రాశాను. ఆ ముఖాల్లో ఒక్కటి కూడా పూర్తిగా చూపించని చేత్తోనే రాశాను. పత్రికల్లో ఉన్న మిత్రులు కూడా అదే మాట రాశారు. మనకి తెలుసుకునే ఓపిక లేనప్పుడు అక్కరకొచ్చే మాట అది.

ఇందులో ఇళ్లలో కూర్చున్న మన వాటా కూడా ఉంది. పాత సినిమా వస్తుంటే "నలుపు తెలుపా!" అని రిమోట్ నొక్కింది మనం. అమ్మ ఒక్కర్తే చూస్తుంటే పక్కన కూర్చోకుండా లేచి వెళ్లింది మనం. రంగులద్దితే తప్ప 'మాయాబజార్' చూడం అన్నట్టు 2010లో థియేటర్లకి వెళ్లి, ఆ తరవాత మిగతా సినిమాల మూలప్రతులు ఏ గోదాముల్లో ఉన్నాయో అడగనిది మనమే. చల్లటి పొడి గదిలో పెట్టకపోతే అసిటేట్ ఫిల్ము పులిసిపోయి వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోతుంది, ఆపైన యంత్రానికి ఎక్కదు. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలుసు. ఒక్క నిర్మాత కుటుంబానికైనా ఫోన్ చేసి చెప్పలేదు.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నాతోనే ఉంది. ఆ మధ్య మా అన్నయ్య మనవరాలికి 'మల్లీశ్వరి' చూపించాను, కోత లేని ప్రతి. మొదటి అట్ట నుంచి కూర్చోబెట్టి పేర్లన్నీ చదివి వినిపించాను. సత్రంలో పాట అయ్యేదాకా అది కదల్లేదు. ఇంటి ముందు పల్లకి దిగగానే "తాతా, ఆ రోజు వానలో చూసింది రాజుగారేనా!" అంది. దానికి పదకొండేళ్లు. పాత సినిమాలు పిల్లలకి అర్థం కావని పదిహేనేళ్లు సమావేశాల్లో చెప్పింది నేను.

చానళ్లలో ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్నవాళ్లని ఒకటే వేడుకుంటున్నాను. పాత సినిమాలు తక్కువే వెయ్యండి, కానీ పూర్తిగా వెయ్యండి. టైటిల్స్ తీయకండి. పాట కొయ్యకండి. బొమ్మని దాని చట్రంలోనే ఉండనివ్వండి. ముందు రెండు నిమిషాలు ఎవరితోనైనా చెప్పించండి. చదువుతున్న మీకు కూడా ఒక మాట. ఈ ఆదివారం ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని భానుమతి గారి సినిమా ఒకటి మొదటి అట్ట నుంచి చూడండి. పేర్లు పైకి చదవండి. దర్శకత్వం అన్న మాట కింద ఆమె పేరే ఉంటే, అక్కడ ఒక్క క్షణం ఆపి పిల్లలకి చూపించండి.