పిల్లల సైన్సుకూ జట్టు కావాలి

పిల్లల ఫీజుల కోసమే మనం ఈ క్యాంపుల్లో చెమటోడుస్తున్నాం. ఆ డబ్బుతో బడిలో సైన్సు నేర్పుతున్నారా, గైడు బట్టీ పట్టిస్తున్నారా అని ఎప్పుడైనా అడిగామా?

ఆస్ట్రేలియా సైన్స్ అకాడమీ 2005లో ప్రాథమిక బడుల్లో 'ప్రైమరీ కనెక్షన్స్' అనే పద్ధతిని పరీక్షించి చూసింది. తర్వాత అది దేశంలో చాలా బడులకు చేరింది. అందులో ముగ్గురేసి పిల్లలు ఒక జట్టు. మేనేజర్ పని సామాను తెచ్చి, తిరిగి అప్పజెప్పడం. స్పీకర్ పని టీచరునో, పక్క జట్టునో అడిగి సందేహం తీర్చుకు రావడం. డైరెక్టర్ పని అంతా పూర్తయ్యేలా చూడడం. ఈ బాధ్యతలు మారుతుంటాయి. అందుకే వెనక బెంచీ పిల్ల కూడా నోరు విప్పక తప్పదు. తన వంతు పని ఉందని తెలిస్తే ఆసక్తి దానంతటదే పుడుతుంది.

ఇది మనకు తెలియంది కాదు. స్లాబు వేసేటప్పుడు మాలు కలిపేవాడు, మోసేవాడు, మట్టం చూసేవాడు... ఎవరి పని వారిదే. ఒక్కడు ఆగితే అందరూ ఆగాలి. పని పంచకుండా పిల్లల్ని ఊరికే గుంపుగా కూర్చోబెడితే మాత్రం ఒకడు చేస్తాడు, మిగతావాళ్లు చూస్తారు.

చిక్కుడు గింజ మొలకెత్తించడానికి లక్షల ల్యాబు అక్కర్లేదు. సెలవుకు ఊరెళ్లినప్పుడు మార్కుల కాగితంతో సరిపెట్టుకోకుండా టీచరును అడుగుదాం: 'సార్, మా పిల్ల చేత్తో ప్రయోగం చేయిస్తున్నారా?'