గుంత పక్కన ఏముందో చూడండి

చిల్పూర్ గుట్ట నుంచి ఏటూరునాగారం అడవి దాకా, వానాకాలం వస్తే మన లెక్కంతా గుంతలదే: ఎన్ని తవ్వాం, ఎన్ని మొక్కలు నాటాం. 2015లో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం మొదలైనప్పటి నుంచీ వింటున్న లెక్కే. గుంత పక్కన ఏం పెరుగుతోందో కూడా చూడాలంటాను నేను. వయ్యారిభామ అనే కలుపుమొక్క ఆకులు రాలి కుళ్లితే పార్థెనిన్ అనే విషపదార్థం మట్టిలోకి దిగుతుంది; పక్కన పడ్డ గింజ మొలకెత్తడానికే తడబడుతుంది, మొలకెత్తినా వేరు సాగదు. లాంటానా పొదలూ, జామాయిల్ ఆకుచెత్తా చేసేది ఇలాంటి పనే. పొరుగు మొక్కను రసాయనంతో అణిచే ఈ గుణానికి హాన్స్ మోలిష్ 1937లోనే అల్లెలోపతి అని పేరు పెట్టాడు. ఎండలు ముదిరితే కీడు ఇంకా పెరుగుతుంది. నీటి ఎద్దడిలో చాలా మొక్కలు ఈ రసాయనాలను ఎక్కువగా తయారుచేస్తాయి, వాటిని కడిగి పలచన చేయాల్సిన వానేమో ఆలస్యమవుతుంది. గాలిలో పెరుగుతున్న బొగ్గుపులుసు వాయువు వయ్యారిభామకే బలం. అసలే నిదానంగా ఎదిగే ఇప్ప, తునికి మొలకలు ఆ పోటీలో ఎక్కడ నిలుస్తాయి? అందుకే పూత పట్టకముందే వయ్యారిభామను వేళ్లతో సహా పీకించాలి, లాంటానాను మొదలంటా తవ్వించాలి, ఆ కూలిని ఉపాధి హామీ పనుల్లో రాయాలి. మూడేళ్ల తర్వాత ఎన్ని మొక్కలు బతికాయో గ్రామసభలో చదివి వినిపించాలి.